ఇద్దరి సంపాదనతో బెంగళూరులో సొంత ఇల్లు: లెక్క వేయడం నుంచి అప్పు తీరేదాకా

బెంగళూరులో స్థిరపడిన తెలుగు దంపతులలో చాలామందికి సొంత ఇంటి ఆలోచన అద్దె ఇంటి విసుగులోంచే పుడుతుంది. ఆనవాయితీ పేరిట పది నెలల అద్దెను అడ్వాన్సుగా కట్టి, పదకొండు నెలలకొకసారి ఒప్పందం తిరగరాసుకుని, ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె వదులుకున్నవారికి, ఆ డబ్బేదో ఈఎంఐకి కడితే ఇల్లు మనదవుతుంది కదా అనిపించడం సహజమే. అయితే అదే ఫ్లాటుకు అద్దె ఎంత, ఈఎంఐ ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే ఈఎంఐ చాలా ఎక్కువగా ఉండటమే ఈ నగరంలో మామూలు విషయం. పైగా బ్యాంకు ఇద్దరి జీతాలనూ కలిపి, అవి ఇరవై ఏళ్లపాటు ఆగకుండా వస్తాయన్న లెక్కతో అప్పు మొత్తాన్ని తేలుస్తుంది. కాన్పులు, కంపెనీల ఉద్యోగ కోతలు, ఊళ్లో పెద్దవారి అనారోగ్యాలు ఆ లెక్కలో ఉండవు. అందువల్ల ఈ మార్గదర్శి అంతటికీ ఆధారం ఒకే నియమం: రెండు జీతాల మీద కొనే ఇల్లు, అవసరం వస్తే కొంతకాలమైనా ఒక్క జీతం మీద నిలబడగలగాలి.

మొదటి మెట్టు: ఇద్దరి లెక్కా ఒకే కాగితం మీదకు

ఫ్లాట్లు చూడటానికి సర్జాపూర్ రోడ్డుకో వైట్‌ఫీల్డుకో బయలుదేరే ముందు భార్యాభర్తలిద్దరూ ఒక పూట తీరిగ్గా కూర్చుని తమ డబ్బు వివరాలన్నీ రాసుకోవాలి. చేతికొచ్చే జీతం, మిగిలి ఉన్న పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు బాకీ, తాకట్టులో ఉన్న బంగారం, ఊళ్లో కడుతున్న చీటీ, తమ్ముడి చదువుకో చెల్లెలి పెళ్లికో ఇస్తామని మాటిచ్చిన సొమ్ము, వీటిలో ఏదీ వదలకూడదు. పెళ్లయి ఐదారేళ్లయినా ఒకరి బాకీలు మరొకరికి పూర్తిగా తెలియని ఇళ్లు తక్కువేమీ కాదు. ఆ సంగతి బ్యాంకు క్రెడిట్ రిపోర్టు తీసిన రోజున బయటపడితే ఇబ్బంది డబ్బుతో ఆగదు.

ఈ కాగితంలో అన్నిటికంటే కష్టమైన వరుస తల్లిదండ్రులకు పంపే డబ్బు. కర్నూలులో ఉన్న ఒకరి అమ్మానాన్నలకు నెలనెలా పంపేది, నెల్లూరులో ఉన్న మరొకరి వారికి పండగలకూ ఆసుపత్రులకూ పంపేది, రెండూ ఇంటి ఖర్చులోనే పడాలి. అత్తమామలకు ఇచ్చేది ఖర్చు, అమ్మానాన్నలకు ఇచ్చేది బాధ్యత అన్న తేడా లెక్కలోకి రానివ్వకూడదు. ఎంత పంపాలన్నది ఆ ఇంటివారు తేల్చుకోవలసిన విషయం, కానీ తేల్చుకున్న అంకె కాగితం మీద ఉండితీరాలి.

ఆ తర్వాత ఖాతాల ఏర్పాటు. ఉమ్మడి ఖర్చులకు ఒక జాయింట్ ఖాతా, ఎవరి సొంత ఖర్చులకు వారి వారి ఖాతాలు ఉంచుకుని, ఉమ్మడి ఖాతాకు జీతాల నిష్పత్తిలో జమ చేయడం మంచిది. ఒకరికి చేతికి 1,10,000 రూపాయలు, మరొకరికి 70,000 వస్తుంటే, 90,000 రూపాయల ఉమ్మడి ఖర్చుకు మొదటివారు 55,000, రెండవవారు 35,000 వేస్తే ఇద్దరి మీదా భారం సమంగా ఉంటుంది. చెరి సగం అన్నది వినడానికి న్యాయంగా ఉన్నా, తక్కువ జీతం ఉన్నవారి చేతిలో చివరికి ఏమీ మిగలదు. ఒకరే సంపాదించే ఇంట్లోనూ రెండవవారి పేరున అడిగి తీసుకోనవసరం లేని సొమ్ము కొంత నెలనెలా జమ కావాలి.

రెండవ మెట్టు: ఒక్క జీతం పరీక్ష

ఈ ఉదాహరణనే ముందుకు తీసుకెళ్దాం. 60 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 52,000 రూపాయలు. అప్పు తీరేసరికి కట్టే వడ్డీ దాదాపు 65 లక్షలు, అంటే అసలు కంటే ఎక్కువ. మొదటి నెల వాయిదాలో 42,500 రూపాయలు వడ్డీకే పోయి, అసలులో తగ్గేది తొమ్మిదిన్నర వేలు మాత్రమే.

ఇప్పుడు పెద్ద జీతం ఆగిపోయిందనుకోండి. ఈఎంఐ 52,000, మెయింటెనెన్స్ 5,000, పొదుపుగా నడిపినా ఇంటి ఖర్చు 35,000, కలిపి 92,000 రూపాయలు కావాలి. వచ్చేది 70,000. నెలకు 22,000 తక్కువ పడుతుంది కాబట్టి, ఏడాదిపాటు ఆ లోటు పూడ్చడానికి రెండు లక్షల అరవై నాలుగు వేలు చేతిలో ఉండాలి. ఇద్దరి జీతాలూ ఒకేసారి ఆగే పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆరు నెలల పూర్తి ఖర్చు, అంటే ఐదున్నర లక్షలు, ఇంటి కొనుగోలుకు ముట్టుకోకుండా పక్కన ఉంచాలి. ఈ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో గానీ లిక్విడ్ ఫండ్‌లో గానీ ఉండాలే తప్ప చీటీలో ఉండకూడదు, ఎందుకంటే చీటీ మనకు అవసరమైన నెలలోనే చేతికి వస్తుందన్న భరోసా లేదు.

ఇద్దరూ ఒకే సంస్థలోనో ఒకే రంగంలోనో పనిచేస్తుంటే ఈ నిధిని ఇంకా పెంచుకోవాలి. బెంగళూరులో ఐటీ ఉద్యోగాల కోతలు మొదలైతే రెండు జీతాలకూ ఒకేసారి దెబ్బ తగలవచ్చు. పిల్లలు కావాలనుకునే దంపతులు మరొకటి గమనించాలి. చట్టప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు లభించినా, ఆ తర్వాత బిడ్డను క్రెష్‌లో వేయడమా, ఊరి నుంచి అమ్మమ్మనో నాయనమ్మనో రప్పించుకోవడమా, కొంతకాలం ఉద్యోగం మానడమా అన్న ప్రశ్న వస్తుంది. మూడింటికీ ఖర్చుంది. ఈఎంఐ కోసమే తల్లి సెలవు ముగిసిన మర్నాడే పరుగెత్తవలసిన స్థితి తెచ్చుకోవడం కంటే ఒక పడకగది తగ్గించుకోవడం మేలని నా అభిప్రాయం.

ఈ లెక్క కాగితం మీద కుదిరాక ఆచరణలో పరీక్షించాలి. రాబోయే ఈఎంఐ, మెయింటెనెన్స్ కలిపిన మొత్తంలోంచి ఇప్పటి అద్దె తీసివేసి, ఆ తేడాను కనీసం ఆరు నెలలపాటు ప్రతి నెలా ఐదవ తారీఖున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. సంక్రాంతి ప్రయాణాలు, స్కూలు ఫీజులు పడే నెలల్లోనూ అది ఆగకుండా సాగితే ఆ ఈఎంఐ మీకు మోయదగినదే. ఆగితే అప్పు మొత్తాన్ని తగ్గించుకోవాలి. ఎటు తేలినా డౌన్ పేమెంటుకు కొంత సొమ్ము పోగవుతుంది.

మూడవ మెట్టు: చేతిలో ఉండవలసిన అసలు సొమ్ము

80 లక్షల ఫ్లాటుకు 60 లక్షల అప్పు వస్తుంది కాబట్టి 20 లక్షలుంటే చాలనుకోవడం సరికాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకే ఇవ్వవచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం. దాని మీద సెస్సు, సర్‌ఛార్జి కలిపి నగర ప్రాంతంలో 5.6 శాతం అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. మొత్తం 7.6 శాతం, అంటే 80 లక్షలకు ఆరు లక్షల ఎనిమిది వేలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ కింద మరో నాలుగు లక్షలు. భవనం నివాసానికి సిద్ధమని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు. అంటే నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు ఇంటీరియర్ల మాట ఎత్తకముందే చేతి నుంచి 30 లక్షలు పెట్టవలసి వస్తుంది. దీనికి తోడు బిల్డరు కార్పస్ ఫండ్ (భవనం ఉమ్మడి అవసరాలకు ముందే పోగుచేసే నిధి), ముందస్తు మెయింటెనెన్స్, కరెంటు, నీటి కనెక్షన్ల పేరిట వసూలు చేసేవి ఉంటాయి. వాటిని నోటిమాటగా కాక, రాతపూర్వకంగా ఒకే కాగితం మీద అడిగి తీసుకోవాలి.

ఈ 30 లక్షల్లో కొంత తరచుగా ఊరి నుంచి వస్తుంది. నాన్న స్థలం అమ్మి ఇచ్చినదో, మామగారు కూతురి పేరిట దాచినదో కావచ్చు. తల్లిదండ్రులు బిడ్డకు ఇచ్చే కానుక మీద ఆదాయపన్ను లేదు. అయినా అది బ్యాంకు ద్వారానే రావాలి, కానుకగా ఇచ్చినట్లు ఒక చిన్న పత్రం రాయించుకోవాలి. అది కానుకా, తిరిగి ఇవ్వవలసిన సొమ్మా అన్నది ఇచ్చిన రోజునే తేలాలి. పదేళ్ల తర్వాత అన్నదమ్ముల పంపకాలలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఎవరి జ్ఞాపకం వారిదే అవుతుంది.

అమ్మేవారు కొంత నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అడ్వాన్సుగా 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. పైగా ఆ సొమ్ము సేల్ డీడులో ఎక్కదు కాబట్టి, రేపు మీరు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర తక్కువగా కనిపించి లాభం మీద పన్ను పెరుగుతుంది. ఆస్తి విలువ 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవారే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగా మినహాయించే ఆదాయపన్ను) తగ్గించి ప్రభుత్వానికి కట్టాలి. ఇద్దరు కొనేటప్పుడు ఎవరి వాటాకు వారు విడిగా కట్టాలి. అమ్మేవారు విదేశంలో నివసిస్తున్నవారైతే ఈ రేటు చాలా ఎక్కువ. వైట్‌ఫీల్డు, మారతహళ్లి వైపు పాత ఫ్లాట్ల యజమానుల్లో ఎన్నారైలు చాలామందే ఉంటారు కాబట్టి ఒప్పందానికి ముందే ఈ సంగతి అడగాలి.

నాలుగవ మెట్టు: బెంగళూరు కాగితాలు

బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోకూడదు. ఆయన చూసేది బ్యాంకు అప్పుకు భద్రత ఉందా అని. మీ తరఫున విడిగా ఒక లాయరును పెట్టుకోవడానికి అయ్యే ఫీజు ఈ మొత్తం ఖర్చు ముందు చాలా చిన్నది. కన్నడ లిపి మనకు దగ్గరదే కదా అని మదర్ డీడులు (ఆస్తి హక్కు మొదలైన మూల పత్రాలు) స్వయంగా చదివేసి సంతృప్తి పడేవారు మనవాళ్లలో ఉన్నారు. అక్షరాలు కూడబలుక్కున్నంత మాత్రాన హక్కుల వరుస అర్థం కాదు.

చూడవలసినవి ఇవి: మదర్ డీడు నుంచి నేటి యజమాని వరకు తెగని వరుస, ఆస్తి మీద తాకట్టులూ లావాదేవీలూ చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఆమోదం పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, చివరిదాకా కట్టిన ఆస్తిపన్ను రసీదులు, ఖాతా (బ్యాంకు ఖాతా కాదు, నగర పాలక సంస్థ ఆస్తిపన్ను రికార్డులో యజమాని పేరున ఉండే నమోదు). బెంగళూరులో అనుమతులన్నీ సక్రమంగా ఉన్న ఆస్తికి ఏ-ఖాతా, లేనిదానికి బి-ఖాతా అన్న భేదం ధరను మార్చేస్తుంది. పక్క ఫ్లాటు కంటే పది లక్షలు తక్కువకు వస్తోందంటే మొదట అడగవలసింది ఖాతా గురించే. బి-ఖాతా ఆస్తికి అప్పు ఇవ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు, తిరిగి అమ్మేటప్పుడు కొనేవారూ తగ్గుతారు. 2024 అక్టోబరు నుంచి నగరంలో రిజిస్ట్రేషన్‌కు ఖాతా డిజిటల్ రూపమైన ఈ-ఖాతా తప్పనిసరి అయింది. 2025 సెప్టెంబరులో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగర పాలికలు ఏర్పడ్డాయి కాబట్టి మీ ఆస్తి దేని పరిధిలోకి వస్తుందో కూడా తెలుసుకోండి.

కొత్త ప్రాజెక్టయితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన కర్ణాటక రెరా వెబ్‌సైటులో నమోదు చూడాలి. ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. ఇల్లు అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే ఉచితంగా సరిచేయవలసిన బాధ్యతను కూడా చట్టం ఆయన మీదే పెట్టింది. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకోగల నేల, ఎంతో అడిగి రాయించుకోండి.

రాజకాలువెల (వాననీరు పోయే పెద్ద కాలువల) పక్కన, చెరువుల బఫర్ పరిధిలో కట్టిన భవనాల జోలికి పోవద్దు. 2022 సెప్టెంబరు వానల్లో బెళ్లందూరు, యెమలూరు వైపు ఖరీదైన ఇళ్లే నీట మునిగాయి. వీలైతే గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి, నీటి ఎద్దడి తెలిసే మే నెలలో ఒకసారి ఆ ప్రాంతానికి వెళ్లి చూడండి.

ఐదవ మెట్టు: పేర్లు, వాటాలు, తర్వాతి సంగతి

అప్పులో ఇద్దరి పేర్లూ ఉండి, సేల్ డీడులో ఒక్కరి పేరే ఉన్న ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో రెండవవారు అప్పు మొత్తానికీ పూచీపడి, ఇంటి మీద కాగితంపై హక్కు లేకుండా ఉండిపోతారు. పాత పన్ను విధానంలో ఇంటి వడ్డీ మీద ఏటా 2 లక్షల వరకు, అసలు మీద 1.5 లక్షల పరిమితిలో మినహాయింపు పొందాలన్నా యజమానిగానూ, రుణగ్రహీతగానూ పేరుండాలి. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు కాబట్టి, పన్ను కలిసొస్తుందని ఇల్లు కొనమనే సలహాకు ఇప్పుడు అంత బలం లేదు.

సేల్ డీడులో ఇద్దరి వాటాలూ శాతాల్లో రాయించండి. ఈ మాట ఎత్తితే అపనమ్మకంగా వినిపిస్తుందేమోనని సంకోచించేవారికి హిందూ వారసత్వ చట్టం ఏం చెబుతుందో తెలియాలి. భర్త వీలునామా లేకుండా మరణిస్తే ఆయన వాటా భార్యకు ఒక్కదానికే రాదు. భార్య, పిల్లలు, ఆయన తల్లి సమానంగా పంచుకుంటారు. అది మీ ఇంటికి సమ్మతమే అయితే సరే, కాకపోతే ఇద్దరూ వీలునామా రాసుకోవాలి. ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

అప్పుతో పాటు బ్యాంకు అంటగట్టే ఏకమొత్తపు ప్రీమియం బీమా తప్పనిసరి కాదు. ఆ ప్రీమియాన్ని అప్పులో కలిపితే దాని మీదా ఇరవై ఏళ్లు వడ్డీ కడతారు. దానికంటే ఇద్దరూ విడివిడిగా టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే సొమ్ము వచ్చే జీవిత బీమా) తీసుకోవడం మేలు. భర్త తన పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము భార్యాబిడ్డలకే చెందుతుంది, అప్పులవారు దాన్ని ముట్టుకోలేరు.

ఆరవ మెట్టు: అప్పును గమనిస్తూ ఉండటం

బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి ఇచ్చిన మారే వడ్డీ గృహరుణాలు బయటి ప్రామాణిక రేటుకు, ఎక్కువగా రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు, ముడిపడి ఉంటాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. అప్పుడు చాలామంది ఈఎంఐ పెరగలేదని సంతోషించారు, గడువు పెరిగిందని ఆలస్యంగా తెలుసుకున్నారు. మన ఉదాహరణలో తొలినాళ్లలోనే వడ్డీ 9.5 శాతానికి పెరిగి ఈఎంఐ అలాగే ఉంచితే, ఇరవై ఏళ్ల అప్పు దాదాపు ఇరవై ఆరేళ్లకు సాగుతుంది. ఈఎంఐని సుమారు 3,900 రూపాయలు పెంచుకుంటే గడువు మారదు. రేటు మారినప్పుడు ఏది కావాలో ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అడగనిదే ఎవరూ గుర్తు చేయరు.

మారే వడ్డీ అప్పును వ్యక్తులు ముందుగా తీరిస్తే జరిమానా ఉండదు. ఏటా బోనసులోంచి ఒక అదనపు ఈఎంఐ కడితే ఇరవై ఏళ్లలో మూడేళ్లకు పైగా తగ్గుతుంది. ముందు అత్యవసర నిధి నిండాలి, తర్వాతే ఈ చెల్లింపులు.

ఏడవ మెట్టు: తాళాలు చేతికొచ్చాక

అద్దె ఇంట్లో కుళాయి కారితే ఓనరుకు ఫోను చేసేవారు. ఇప్పుడు ఓనరు మీరే. పదేళ్లు దాటిన అపార్టుమెంటులో లిఫ్టు మార్చడం, వాటర్‌ప్రూఫింగ్, బయటి రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇలాంటి పెద్ద మరమ్మతులకు దాచే అసోసియేషన్ సింకింగ్ ఫండులో డబ్బు లేకపోతే ఒక్కో ఇంటి మీద ఒకేసారి పెద్ద మొత్తం పడుతుంది. కాబట్టి పాత ఫ్లాటు కొనేముందే అసోసియేషన్ గత రెండేళ్ల జమాఖర్చులు అడిగి చూడాలి. మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటి, అసోసియేషన్ వార్షిక ఆదాయం 20 లక్షలు మించితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

నీటి ఖర్చు వేరుగా చూసుకోవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి నగరం శివార్లు ట్యాంకర్ల మీద బతికాయి. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదవ దశ మొదలై, నగరంలో కలిసిన శివారు 110 గ్రామాల ప్రాంతానికి రోజుకు 775 మిలియన్ లీటర్ల సామర్థ్యం సమకూరింది. అయినా పైపు వీధిలోకి రావడం వేరు, మీ సంపులోకి నీరు రావడం వేరు. ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు చూపమని అడగండి.

ఆస్తిపన్నును ఆర్థిక సంవత్సరం మొదట్లో ప్రకటించే గడువులోగా పూర్తిగా కడితే 5 శాతం రాయితీ ఇచ్చే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. ఇంటీరియర్లకు పర్సనల్ లోను తీసుకోవద్దు. మంచాలు, వంటగది అల్మారాలు ఉంటే గృహప్రవేశం చేయవచ్చు, మిగతావి ఏడాదిలో నెమ్మదిగా చేయించుకోవచ్చు. చుట్టాల ముందు అసంపూర్ణంగా కనిపిస్తుందన్న బెంగతో 14 శాతం వడ్డీ కట్టేంత అవసరం ఎవరికీ లేదు.

ఎనిమిదవ మెట్టు: నెలకొక కూర్చోవడం, చివరి కాగితాలు

నెలకొక ఆదివారం అరగంట ఇద్దరూ కూర్చుని జాయింట్ ఖాతా, అప్పు నిల్వ, అత్యవసర నిధి చూసుకోవాలి. ఏ పని ఎవరిదన్నది ఆరు నెలలకొకసారి మార్చుకుంటే ఇద్దరికీ అన్నీ తెలుస్తాయి. లోను ఖాతా సంఖ్య, పాలసీలు, లాకరు, నామినీల వివరాలు ఒక ఫైలులో ఉండి, అది ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. కలిసి ఉండటం కుదరని పరిస్థితి వస్తే బ్యాంకు మీ మధ్య ఒప్పందాన్ని పట్టించుకోదు, పూర్తి బాకీని ఇద్దరిలో ఎవరినైనా అడుగుతుంది. ఎవరెంత కట్టారో బ్యాంకు లావాదేవీల్లో కనిపించేలా ఉంచుకోవడం ఆ రోజుకు కూడా పనికొస్తుంది.

చివరి ఈఎంఐ కట్టాక పని ఒకటి మిగిలి ఉంటుంది. బ్యాంకు 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగి ఇచ్చి, నమోదైన తాకట్టును తొలగించాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. పత్రాలను తీసుకున్న జాబితాతో ఒక్కొక్కటిగా సరిచూసుకుని, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లేఖ తీసుకుని, తాకట్టు విడుదలను సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించి, కొత్త ఈసీ తీసి అందులో ఆ విడుదల కనిపిస్తోందో లేదో ఇద్దరూ చూడండి.